మా ఇసుక తీసుకెళ్ళే ముందు, దాన్ని విడదీసే విద్య మాకు నేర్పండి

రేర్ ఎర్త్ కారిడార్ పనులు చూస్తున్న కేంద్ర గనుల శాఖ, అణు ఇంధన శాఖ పెద్దలకు, రాష్ట్ర పరిశ్రమల శాఖ అధికారులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎంపీలకు, ఎమ్మెల్యేలకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్, డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్ని. మా సొంతూరు కళింగపట్నం దగ్గర, సముద్రానికి కూతవేటు దూరం. ఈ ఉత్తరం రాస్తున్న టేబుల్ మీద ఒక సీసా ఉంది. అందులో సగానికి మా ఊరి తీరం ఇసుక.

వాయుగుండం వచ్చి వెళ్ళిన మర్నాడు మా ఒడ్డుకి వస్తే మీకే కనిపిస్తుంది. తెల్లటి ఇసుక మీద పొడుగ్గా నల్లని చారలు పడి ఉంటాయి. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళు లక్షల ఏళ్ళుగా అరిగి అరిగి వంశధార, నాగావళి నీళ్ళతో సముద్రంలోకి వచ్చాయి. అల చేటతో చెరిగినట్టు తేలిక ఇసుకని వెనక్కి లాక్కుపోయి, బరువైన గింజల్ని ఒడ్డున వదిలేస్తుంది. మేం చిన్నప్పుడు దాన్ని నల్లిసక అనేవాళ్ళం, ఎండలో కాళ్ళు కాలుతుంటే దాని మీంచి గెంతుకుంటూ పోయేవాళ్ళం.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా మనవడి పాత కంప్యూటర్ హార్డ్ డిస్కులోంచి తీసిన అయస్కాంతం జేబులో వేసుకెళ్ళాను. బొటనవేలంత ముక్క. దాన్ని కాగితంలో చుట్టి ఆ నల్లిసకలో తిప్పితే గింజలు ముళ్ళపందిలా నిలబడి అంటుకున్నాయి. ఎక్కువ భాగం ఇల్మనైటే, అంటే టైటానియం ఉండే నల్ల ఖనిజం. అంటుకోకుండా మిగిలిన దాంట్లో ఎర్రటి గార్నెట్ గింజలు కొన్ని, తెల్లటివి కొన్ని, అక్కడక్కడ తేనె రంగువి నాలుగైదు. ఆ తేనె రంగు గింజల్లో మోనజైట్ అనే ఖనిజం ఎంతో కంటితో చూసి చెప్పలేం, దానికి పరికరాలు కావాలి. కానీ ఈ తీరంలో మోనజైట్ ఉందని మీ అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ఎప్పుడో తేల్చింది. నా చేతిలోని అయస్కాంతం నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసింది. రేర్ ఎర్త్‌లు అనే 17 లోహాల్లో ఒకటైన ఆ నియోడిమియం మోనజైట్‌లో ఉంటుంది. ఎక్కడో పరాయి దేశంలో తయారై మా ఇంటికొచ్చిన అయస్కాంతంతో, దాని ముడిసరుకు ఉన్న ఇసుకనే గెలుకుతూ నేను ఒడ్డున కూర్చున్నాను. ఆ పూట కూర్చున్న చోటే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

2026 కేంద్ర బడ్జెట్‌లో ఒడిశా, కేరళ, తమిళనాడులతో పాటు మన ఆంధ్రప్రదేశ్‌లోనూ రేర్ ఎర్త్ కారిడార్లు పెట్టడానికి సాయం చేస్తామన్నారు. అంతకు ముందు 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కి ఆమోదం దొరికింది. అదే ఏడాది నవంబర్‌లో అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం వచ్చింది. సంతోషం. నేను వ్యతిరేకించడానికి రాయడం లేదు. కానీ కారిడార్ అంటే ఒక చివర తవ్వకం, ఇంకో చివర ఫ్యాక్టరీ, మధ్యలో లారీలు పోయే దారి అని అర్థమైతే, ఆ మధ్యలో ఉండిపోయేది మా రెండు జిల్లాలే. నేను అడిగేదల్లా ఒక్కటి. మా తీరంలో మోనజైట్ తీయాలని మీరు నిర్ణయిస్తే, దాన్ని విడదీసే పని కూడా ఈ రెండు జిల్లాల్లోనే పెట్టండి. ఆ పనికి కావలసిన మనుషుల్ని ఇక్కడే తయారుచెయ్యండి. అది మొదలవకుండా తవ్వకం మొదలుపెట్టకండి.

విడదీయడం మీద ఎందుకింత పట్టుదలో చెప్తాను. కాస్త ఓపికగా చదవండి.

రేర్ ఎర్త్ అన్న పేరు చూసి చాలామంది ఇవి ఎక్కడా దొరకని వస్తువులనుకుంటారు. అది నిజం కాదు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. అరుదైనది వాటిని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే నేర్పు. ఈ 17 మూలకాల్లో పదిహేను అచ్చం ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. ఒకే రకంగా కరుగుతాయి, ఒకే రకంగా అవక్షేపం అవుతాయి. 1841లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త మొసాండర్ ఒక కొత్త మూలకం కనుక్కున్నాననుకుని దానికి డిడిమియం అని పేరు పెట్టాడు. గ్రీకులో కవల అని అర్థం. 44 ఏళ్ళ తర్వాత, 1885లో, ఆస్ట్రియాకు చెందిన ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ అందులో ఉన్నది ఒకటి కాదు, రెండని తేల్చాడు. ఆ రెండే ప్రసియోడిమియం, నియోడిమియం. మూలకం చేతిలో ఉండి కూడా అది రెండని తెలియడానికే ఐరోపాకి 44 ఏళ్ళు పట్టింది.

ఆ వెల్స్‌బాఖే గ్యాసు దీపం మాంటిల్ కనిపెట్టాడు. మన జాతరల్లో, పెళ్ళిళ్ళలో పెట్రోమాక్స్ లైటుకి కట్టిన తెల్లటి గుడ్డ సంచి గుర్తుంది కదా, అదే. అది థోరియంతో, రవ్వంత సీరియంతో చేసేది. దాని కోసం జర్మన్లు ప్రపంచమంతా మోనజైట్ వెతుకుతుంటే, 1909లో తిరువాన్కూరు నుంచి వెళ్ళిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో అది షాంబర్గ్ అనే జర్మన్ కంటపడింది. అప్పట్నుంచి మన తీరం ఇసుక ఓడలెక్కింది. వెలుగు అక్కడ తయారై, ఒక్కో మాంటిల్‌గా మనకే తిరిగొచ్చింది.

క్లాసులో నేను చేసి చూపించిన ఒక చిన్న ప్రయోగం ఉంది. అయోడిన్ కలిపిన నీళ్ళు విడదీసే గరాటులో పోసి, పైన కాస్త కిరసనాయిలు పోసి, మూత పెట్టి ఊపి స్టాండుకి తగిలించేవాణ్ణి. నిమిషంలో రెండు పొరలు విడిపోయేవి. కింద నీళ్ళు రంగు తగ్గి, పైన కిరసనాయిలు ఊదా రంగులోకి మారేది. పిల్లలు వెనక బెంచీల్లోంచి కూడా లేచి చూసేవాళ్ళు. రేర్ ఎర్త్‌లని విడదీసే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ కూడా మూలంలో ఇదే. యాసిడ్‌లో కరిగిన రేర్ ఎర్త్‌ల ద్రావణాన్ని, కిరసనాయిల్లో కలిపిన ఒక ప్రత్యేకమైన రసాయనంతో కలియబెడతారు. కొంత మూలకం పైకి పోతుంది, కొంత కింద ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. అయోడిన్‌లా ఇవి ఒక్క ఊపుకి పోవు. నియోడిమియం, ప్రసియోడిమియం రెండూ దాదాపు సమానంగా పైకి వెళ్తాయి, ఒకటి ఇంకోదానికంటే కాస్త ఎక్కువ, అంతే. రైతులకి చెప్పాలంటే ఇలా చెప్తాను. స్వర్ణ వడ్లలో పొల్లు కలిస్తే చేటతో రెండు విసుర్లకి పోతుంది. అదే స్వర్ణలో సాంబ మసూరి గింజలు కలిసిపోతే? చెరిగిన ప్రతిసారీ ఒక పక్కకి ఒక రకం రవ్వంత ఎక్కువ పడుతుంది. దాన్ని ఇంకో చేటలో, మళ్ళీ ఇంకో చేటలో వెయ్యాలి. వందల చేటలు వరసగా పెట్టుకుని, ఒక వైపు నుంచి స్వర్ణ, ఇంకో వైపు నుంచి మసూరి నడిపించాలి. ఒక్క చేట దగ్గర మనిషి కునికితే ముందూ వెనకా అన్నీ పాడవుతాయి. సెపరేషన్ ప్లాంటులో ఆ చేటల్ని మిక్సర్ సెట్లర్లంటారు. వందల తొట్లు రాత్రీ పగలూ ఒకే లయలో నడవాలి.

ఈ విద్యలో చైనా ముందుకెళ్ళడం వెనక ఒక మాస్టారున్నాడు, అందుకే ఆ కథ నాకు మరీ ఇష్టం. పెకింగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన షు గ్వాంగ్‌షియన్ 1972లో ఈ నియోడిమియం, ప్రసియోడిమియం జంటని విడదీసే పని మొదలుపెట్టాడు. ఎన్ని తొట్లు కావాలి, ఏ తొట్లో ఎంత పోయాలి అని ముందే లెక్క కట్టే సిద్ధాంతం తయారుచేశాడు. దాన్ని తన ల్యాబులో దాచుకోలేదు, ఫ్యాక్టరీల వాళ్ళని కూర్చోబెట్టి క్లాసులు చెప్పాడు. ఆ క్లాసుల్లోంచి వచ్చిన వాళ్ళే ప్లాంట్లు కట్టారు. ఈ రోజు ప్రపంచంలో శుద్ధి అయ్యే రేర్ ఎర్త్‌లలో సుమారు 90 శాతం చైనాలోనే అవుతున్నాయి. 2023 డిసెంబర్‌లో ఆ దేశం ఈ విడదీసే సాంకేతికతని బయటకి ఇవ్వకూడదని నిషేధం పెట్టింది. ఖనిజం కంటే ముందు విద్యకి తాళం వేసిందన్నమాట. 2025 ఏప్రిల్ 4న సమేరియం, డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి ఏడు మూలకాలకీ, వాటితో చేసిన అయస్కాంతాలకీ లైసెన్సు ఉంటే గానీ ఎగుమతి లేదంది. మన కార్ల కంపెనీలు, ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీలు నెలల తరబడి ఎంత టెన్షన్ పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఈ విద్య లేదని నేననడం లేదు. ఇప్పుడు ఐఆర్‌ఈఎల్ అంటున్న ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ 1950లోనే పుట్టింది. 1952 నాటికి కేరళలోని ఆలువాలో మోనజైట్ ప్రాసెసింగ్ మొదలైంది. చైనా మాస్టారు లెక్కలు మొదలుపెట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది. తర్వాత చైనా సరుకు చవగ్గా వచ్చిపడటంతో మన పని మందగించింది. చవగ్గా దొరుకుతోంది కదా అని పెరట్లో బావి పూడ్చేసుకున్న ఇల్లులా అయింది మన పరిస్థితి. అమెరికా భూ విజ్ఞాన సంస్థ లెక్క ప్రకారం 2024లో చైనా 2,70,000 టన్నుల రేర్ ఎర్త్‌లు తీస్తే, మనం తీసింది 2,900 టన్నులు. నిల్వల్లో మాత్రం ప్రపంచంలో మూడో స్థానం మనదే. దేశంలో 1 కోటి 31 లక్షల టన్నులకి పైగా మోనజైట్ ఉందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అందులో అన్ని రాష్ట్రాల కంటే పెద్ద వాటా మన ఆంధ్రప్రదేశ్‌దే.

మ్యాపు ఒకసారి ముందు పెట్టుకోండి. మా ఇచ్ఛాపురం దాటి సుమారు యాభై కిలోమీటర్లు వెళ్తే ఒడిశాలో ఛత్రపురం. అక్కడ ఐఆర్‌ఈఎల్ ప్లాంటు మోనజైట్‌ని కరిగించి మిశ్రమ రేర్ ఎర్త్ క్లోరైడ్ తీస్తుంది. దక్షిణాన విశాఖ దాటాక అచ్యుతాపురం. అక్కడి భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ఆవరణలో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు ఉంది, 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం. అదే అచ్యుతాపురంలో జపాన్ సంస్థకి చెందిన ప్లాంటు, 2012 నాటి ఒప్పందం కింద మన సరుకు తీసుకుని శుద్ధి చేసి జపాన్ పంపింది. అటు ఛత్రపురం, ఇటు అచ్యుతాపురం, నట్టనడుమ మేము. పదహారో నంబరు హైవే, హౌరా చెన్నై రైలు మార్గం రెండూ మా గుమ్మం ముందు నుంచే పోతాయి. మూలపేటలో పోర్టు వస్తోంది. సెపరేషన్ ప్లాంటుకి ఇంతకంటే అనువైన చోటు దేశంలో ఇంకోటి చూపించండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది నా సొంత లెక్క, అంచనా మాత్రమే, తప్పుంటే దిద్దండి. 7,280 కోట్ల పథకం లక్ష్యం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు. నియోడిమియం అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం రేర్ ఎర్త్‌లే. అంటే తరుగు లేదనుకున్నా 1,800 టన్నుల లోహం కావాలి, ఆక్సైడ్‌గా చూస్తే 2,100 టన్నులు. మన మోనజైట్ రేర్ ఎర్త్‌లలో నియోడిమియం, ప్రసియోడిమియం కలిపి ఐదో వంతు. కాబట్టి సుమారు 10,000 టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్‌లు విడదీస్తే గానీ ఆ 2,100 టన్నులు రావు. మనం ఇప్పుడు తీస్తున్నదానికి ఇది మూడు రెట్లకి పైమాటే. అయస్కాంతాల ఫ్యాక్టరీకి డబ్బు కేటాయించి, దాని వెనక విడదీసే తొట్లు కట్టకపోతే, పొయ్యి వెలిగించి బియ్యం కోసం పక్కింటికి పరిగెత్తినట్టే అవుతుంది. ఆ పక్కింటివాడు ఎవరో మనకి తెలుసు.

అదే లెక్కలో ఇంకో రెండు అంకెలున్నాయి. మొదటిది, ఆ 10,000 టన్నుల్లో మూడింట రెండొంతులు సీరియం, లాంథనం. వీటికి గిరాకీ తక్కువ, ధర తక్కువ. గాజు పాలిష్‌కి సీరియం ఆక్సైడ్ వాడతారు. పెట్రోలు రిఫైనరీల ఉత్ప్రేరకాల్లో లాంథనం వాడతారు, విశాఖలోనే రిఫైనరీ ఉంది. వీటిని వాడే చిన్న పరిశ్రమల్ని పక్కనే పెంచకపోతే అవి గుట్టలుగా మిగిలిపోతాయి. రెండో అంకె థోరియం. దాని దగ్గరికి వస్తాను.

అంతకు ముందు విజయనగరం గురించి ఒక మాట. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1890ల్లో, ఈ ప్రాంతంలోనే. చీపురుపల్లి పక్క కోడూరు గనుల పేరు మీద కోడూరైట్ అని ఒక రాతికే పేరు పెట్టారు, ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివిన వాళ్ళకి ఆ పేరు తెలుసు. మాంగనీసు ఓడలెక్కి వెళ్ళి ఎవరి ఉక్కునో గట్టి చేసింది. గరివిడిలో ఫెర్రో మాంగనీస్ చేసే ఫ్యాక్టరీ రావడానికి 1950లు రావాల్సి వచ్చింది. అరవై ఏళ్ళు ముడి రాయిగానే పోయింది. ఆ ఫ్యాక్టరీ వచ్చాకే గరివిడికి కాలనీ, బడి, నాలుగు కుటుంబాలకి నెల జీతం వచ్చాయి. మా అత్తగారి వైపు వాళ్ళది అక్కడికి దగ్గర, ఆ తేడా ఏమిటో కళ్ళారా చూసినవాళ్ళు. మోనజైట్ విషయంలో ఇంకో అరవై ఏళ్ళు మేం ఆగలేం.

మీ దగ్గర మనుషులున్నారా అని అడుగుతారేమో. ఉన్నారు. మా పైడిభీమవరం మందుల కంపెనీల్లో నా దగ్గర చదివిన పిల్లలే ఎంతమందో పనిచేస్తున్నారు. వాళ్ళు రోజూ చేసే పనిలో సగం సాల్వెంట్లు, పొరలు, పీహెచ్. ఒకతను ఈమధ్య ఫోన్ చేస్తే సెపరేషన్ ప్లాంటు గురించి చెప్పాను. విని, "మాస్టారూ, రెండు పొరల మధ్యన నురగలా చెత్త పడితే బ్యాచంతా ఆగిపోద్దండి. దాన్ని ఎప్పుడు కదపాలో, ఎప్పుడు ఊరుకోవాలో చేత్తో పట్టుకుంటేగాని తెలీదు. మాకది తెలుసండి" అన్నాడు. రేర్ ఎర్త్ ప్లాంట్లలోనూ ఆపరేటర్ల ప్రాణం తీసేది ఆ మధ్య పొరే. వాళ్ళకి ఆరు నెలలు ఆలువాలో శిక్షణ ఇప్పించండి చాలు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో గురజాడ జేఎన్‌టీయూ ఉంది. వీటిలో ఒక్కచోటైనా పది, ఇరవై తొట్ల చిన్న మిక్సర్ సెట్లర్ వరస పెట్టి, బార్క్, ఐఆర్‌ఈఎల్ వాళ్ళని వచ్చి క్లాసులు చెప్పమనండి. హైదరాబాదులో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది, అయస్కాంతాల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉంది. వాళ్ళకీ మాకూ మధ్య ఒక్క రాత్రి రైలు ప్రయాణం.

మా వాళ్ళు పని కోసం ఎంత దూరం వెళ్తున్నారో మీకు తెలుసు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికెళ్ళిన మా తీరం మత్స్యకారులు 2018లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ పద్నాలుగు నెలలు ఇక్కడ వాళ్ళ ఇళ్ళు ఎలా గడిచాయో మా ఊళ్ళో అందరూ చూశారు. అరేబియా సముద్రం దాకా పోయి పరాయి బోటు మీద వల లాగే కుర్రాడికి, తన ఒడ్డునే ఒక షిఫ్టు ఆపరేటర్ ఉద్యోగం ఉంటే చాలు.

ఇప్పుడు థోరియం, నీళ్ళు, నమ్మకం. అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే.

థోరియం రేడియోధార్మిక లోహం. మోనజైట్‌లో 8 నుంచి 10 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. ఇందాకటి లెక్కలో 10,000 టన్నుల రేర్ ఎర్త్‌లకి సుమారు 17,500 టన్నుల మోనజైట్ కావాలి. దాంతో పాటు ఏటా 1,500 టన్నుల పైన థోరియం ఆక్సైడ్ బయటికి వస్తుంది. ఇసుకలో చెదిరి ఉన్నప్పుడు దానితో పెద్ద భయం లేదు. ఒకచోట పోగుపడితేనే జాగ్రత్త కావాలి. మన పద్ధతిలో మోనజైట్‌ని కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు. ఫాస్ఫేటు ట్రైసోడియం ఫాస్ఫేటుగా బయటికొస్తుంది, అది అమ్ముకునే సరుకే. మిగిలిన ముద్దని యాసిడ్‌లో కరిగించి రేర్ ఎర్త్‌లని తీస్తే థోరియం అడుగున మిగులుతుంది. థోరియం విచ్ఛిన్నమవుతూ పుట్టే రేడియంని బేరియం సల్ఫేటుతో పట్టి కిందికి దించేస్తారు. ఆ ముద్ద, ఆ థోరియం, ఉప్పు పేరుకున్న ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. మలేషియాలో బుకిట్ మేరా అనే ఊళ్ళో 1980ల్లో ఇలాంటి ప్లాంటు పెట్టి వ్యర్థాల్ని నిర్లక్ష్యంగా పారేశారు. జనం కోర్టుకెక్కారు, ప్లాంటు మూతపడింది, శుభ్రం చెయ్యడానికి దాదాపు 10 కోట్ల డాలర్లు అయింది. తప్పు రసాయన శాస్త్రానిది కాదు, చెత్తని లెక్కలో వెయ్యని యాజమాన్యానిది.

మా జిల్లాలో ఈ మాట మామూలుగా వినేవాళ్ళు లేరు. 2010 జులై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ ప్రాణాలు పోయాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో లెక్కే లేదు. దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు నేటికీ ఒక్క మాట మీదికి రాలేదు. అలాంటి చోట మీరు రేడియోధార్మికత అన్న మాట ఎత్తుతున్నారు. జనం ఉలిక్కిపడితే తప్పు వాళ్ళది కాదు.

కొన్నేళ్ళ క్రితం ఒక కంపెనీ పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణకి నేనూ వెళ్ళాను. షామియానా కింద బల్ల మీద ఇటుకంత మందం ఇంగ్లీషు రిపోర్టు ఒక్కటి పెట్టారు. మా వీధి పెద్దాయన, చదువు రాదు, దాన్ని దగ్గరికి లాక్కుని బొమ్మల కోసం పేజీలు తిప్పాడు. తన ఊరు మ్యాపులో ఎక్కడుందో వేలుపెట్టి అడిగితే చెప్పేవాళ్ళు లేరు. పుస్తకం మూసేసి నా వైపు తిరిగి, "ఇసక పట్టుకుపోతారు సరే మాస్టారూ, నీలు పాడైతే ఎవుల్ని అడగాల?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఆ రోజు వేదిక మీద జవాబు లేదు. నా దగ్గరా లేదు.

కాబట్టి ఆయన ప్రశ్నకి జవాబు మీ ప్రాజెక్టు మొదటి పేజీలో, తెలుగులో ఉండాలి. తట్టెడు ఇసుక కదిలే ముందే తీరం ఊళ్ళలో ప్రతి బావి నీళ్ళూ పరీక్ష చేసి, గాలిలో రేడియేషన్ కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయించండి. కిడ్నీ, కాన్సర్ వివరాలు ఇంటింటికీ తిరిగి ముందే నమోదు చెయ్యండి. అప్పుడు పదేళ్ళ తర్వాత ఏదైనా మారితే ఎవరూ బుకాయించడానికి ఉండదు. మారకపోతే మీ మాటకీ విలువ ఉంటుంది. కొలతలు తీసేటప్పుడు మా కాలేజీ పిల్లల్ని పక్కన పెట్టుకోండి, మీటరు చదవడం వాళ్ళకి నేర్పండి. తమ పిల్ల చదివిన అంకెని ఊరు నమ్ముతుంది. ప్లాంటుని ఇసుక దిబ్బల మీద, ఏటి ఒడ్డున పెట్టకండి. లోపలికి, గట్టి నేల మీద, నీటి ఊటలకి దూరంగా చూడండి. వాడిన నీరు మళ్ళీ ప్లాంటులోకే తిరగాలి, సముద్రంలోకి పైపు వద్దు. థోరియం అణు ఇంధన శాఖ సొత్తు. కాబట్టి దాన్ని ఎక్కడ, ఎలా, ఎన్నేళ్ళు దాస్తారో ఆ శాఖే సంతకం పెట్టి చెప్పాలి. ఇసుక దిబ్బలు తుపానుకి మాకున్న మొదటి గోడ అని కూడా గుర్తుంచుకోండి. తవ్విన చోట అదే ఎత్తుకి ఇసుక తిరిగి పోసి సరుగుడు, జీడి నాటాకే పక్క ముక్కలోకి వెళ్ళాలి.

ధర సంగతి కూడా మీరు ముందే ఆలోచించాలి. మనం ప్లాంటు కట్టగానే చైనా ధర దించేస్తుంది. అమెరికాలో మౌంటెన్ పాస్ గని నడిపిన మోలీకార్ప్ 2015లో దివాలా తీసింది ఇలాంటి దెబ్బకే. ఆ అనుభవంతోనే 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ, ఇప్పుడా గని నడుపుతున్న ఎంపీ మెటీరియల్స్‌కి నియోడిమియం ప్రసియోడిమియం కిలోకి 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. వరికి మద్దతు ధర అంటే ఏమిటో మన రైతుకి తెలుసు, దీనికీ అలాంటిదే కావాలి. పదేళ్ళ పాటు ఈ ధరకి తక్కువ కాకుండా ఇంత సరుకు కొంటామని కేంద్రం రాసివ్వకపోతే, రెండేళ్ళు నడిచి మూతపడిన ఫ్యాక్టరీల జాబితాలో ఇదీ చేరుతుంది. అలాంటి తుప్పు పట్టిన గేట్లు మా జిల్లాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మన మోనజైట్‌లో డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి బరువైన రేర్ ఎర్త్‌లు నామమాత్రం. వాటి కోసం బయటి దేశాల మీద ఆధారపడటం కొంతకాలం తప్పదు. పాత ఫోన్లు, హార్డ్ డిస్కులు, మోటార్ల నుంచి అయస్కాంతాలు తీసి మళ్ళీ కరిగించే పని కూడా ఇదే ప్లాంటు తొట్లలో చెయ్యొచ్చు. విడదీసే విద్య చేతికొస్తే సరుకు ఇసుకలోంచి వచ్చినా, చెత్తబుట్టలోంచి వచ్చినా పని ఒకటే. అందుకే గని కంటే ముందు తొట్లు అంటున్నాను.

ఎంపీలూ, ఎమ్మెల్యేలూ, మీతో ఒక్క మాట. ప్లాంటు మా నియోజకవర్గంలోనే పెట్టాలని మీలో మీరు పోట్లాడుకుంటారని నాకు తెలుసు. పోట్లాడండి. కానీ అంతకంటే ముందు ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఆ పది తొట్ల ల్యాబు వచ్చే విద్యా సంవత్సరానికల్లా తెప్పించండి. దానికి భూసేకరణ అక్కర్లేదు, పర్యావరణ అనుమతికి ఏళ్ళు పట్టదు, ఒక పెద్ద గది చాలు. మామూలు రేర్ ఎర్త్ క్లోరైడ్‌తో, థోరియం తీసేసిన సరుకుతో నేర్పించొచ్చు. ఆ గదిలో క్లాసు చెప్పేవాళ్ళు దొరికేదాకా, పొరలు ఎందుకు విడిపోతాయో మొదటి పాఠం చెప్పడానికి నేను జీతం లేకుండా వస్తాను. గరాటు, స్టాండు నా దగ్గరే ఉన్నాయి. అయోడిన్ కూడా కొంత మిగిలింది. కిరసనాయిలే ఇప్పుడు రేషన్‌లో రావడం లేదు, అది మాత్రం మీరు చూడాలి.

గ్రామసభ ఎప్పుడు పెడతారో ముందుగా తెలియజేయండి. మా వీధి పెద్దాయనని వెంటబెట్టుకుని వస్తాను. ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
శ్రీకాకుళం